ఎవరి అమ్ముకు వారి వన్నె

విలుకాడు తన బాణానికి తానే రంగు వేసుకోవాలని నా అభిప్రాయం. ఇది సరదాకు అంటున్న మాట కాదు, అందానికి మాత్రమే సంబంధించిన మాట కూడా కాదు. బాణం మీది రంగుకట్లు అలంకారం కావడానికి ముందు సంతకం. సంతకమంటే బాధ్యత. ఆ సంతకాన్ని ఒకరి తరఫున మరొకరు చేయరాదన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో ముప్పయ్యేళ్లకు పైగా తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి బాణాలతో పనేమిటని సందేహించేవారికి కూడా ఇందులోనే సమాధానం దొరుకుతుందని ఆశ.

నాతోబాటు భాషాప్రవీణ చదివిన ఒక మిత్రుడు మా వసారాలో ఆరబెట్టిన వెదురు బాణాలను చూచి, "ఏమప్పా, రిటైరైనంక బొమ్మలకు రంగులేసుకుంటా కూచున్నావా?" అన్నాడు. మా మనవడు విలువిద్య నేర్చుకొంటున్నాడు. వాడి సాధన కోసం తాతా మనుమలం కలిసి చేసుకొన్న బాణాలవి. మిత్రుని మాటలో తప్పు పట్టవలసినదేమీ లేదు గాని, ఆ మాట వెనుక ఒక భావం ఉన్నది. అలంకారం అంటే పనికి అదనంగా తగిలించేది, లేకున్నా నడిచేది అన్న భావం అది. అలంకారశాస్త్రం చదువుకొన్న మాబోటివారే అలా అనుకోవడం నాకు వింతగా తోచింది. సంస్కృతంలో "అలం" అంటే చాలు అనీ, తగినది అనీ, సమర్థం అనీ అర్థాలు. కాబట్టి అలంకరించడమంటే ఒక వస్తువును దాని పనికి చాలినట్లు, తగినట్లు తీర్చిదిద్దడం. బాణం విషయంలో ఈ వ్యుత్పత్తి అక్షరాలా నిజం.

ముందుగా కొన్ని మాటలు చూద్దాం. మన భాషలో బాణానికి ఎన్ని పేర్లు! అమ్ము, తూపు, కోల, అంపకోల. ఇవి తెలుగులు. శరం, ఇషువు, సాయకం, విశిఖం, నారాచం. ఇవి సంస్కృతం నుండి వచ్చినవి. బాణం ముందరి ఇనుప మొన ములికి, లేదా ములుకు. వెనుకటి ఈక గరి. దీనినే పూర్వులు శకటరేఫంతో గఱి అని వ్రాసేవారు. ఈకలు కట్టిన వెనుకటి భాగం పింజ. సంస్కృతంలో పుంఖం. బాణాలు దాచుకొనేది అమ్ములపొది. వింటికి బిగించే తాడు నారి, అల్లెతాడు.

ఈ మాటలు చచ్చిపోయినవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రతిరోజూ దినపత్రికలో కనబడుతూనే ఉన్నాయి. సైన్యం కొత్త క్షిపణిని పరీక్షించిన మరునాడు అది "అమ్ములపొదిలో చేరింది" అని వ్రాస్తారు. శాసనసభలో ప్రతిపక్షం ప్రశ్నలను "ఎక్కుపెడుతుంది", విమర్శలను "సంధిస్తుంది". అత్తగారి మాటలు "ములుకుల్లా" గుచ్చుకొంటాయి. రచయిత "పుంఖానుపుంఖంగా" నవలలు వ్రాస్తాడు. ఒక బాణపు పింజను మరొక బాణం తాకుతున్నదా అన్నంత ఎడతెగకుండా వేయడమే పుంఖానుపుంఖం. తరగతిలో ఈ మాటకు అర్థం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద బాణం బొమ్మ గీస్తే పిల్లలు తలలూపేవారు. ఈకలు కట్టిన నిజమైన కోలను చేతికిచ్చిన రోజున మాత్రం తలలూపడం మాని ప్రశ్నలు వేసేవారు. "ఈక ఎందుకు సార్? మూడే ఎందుకు? ఒకటి వేరే రంగెందుకు?" మాట బ్రతికి ఉండడానికీ, ఆ మాట చెప్పే వస్తువు బ్రతికి ఉండడానికీ ఉన్న తేడా అది.

ఆ పిల్లల ప్రశ్నలకే ఇక్కడ సమాధానం చెబుతాను. బాణానికి రంగు నాలుగు పనులు చేస్తుంది.

మొదటిది రక్షణ. వెదురైనా, రెల్లైనా, కర్ర అయినా తేమను పీల్చి వంగుతుంది. వంగిన కోల గురికి పోదు. పలుచని పూత ఒకటి వేస్తే తేమ ఆగుతుంది. రెండవది ఆచూకీ. బాణం వేసిన తరువాత దానిని వెదకి తెచ్చుకోవడం విలుకాడి పనిలో సగం. గడ్డిలో, ఎండుటాకులలో పడిన మట్టిరంగు కోలను కనిపెట్టడం ఎంత కష్టమో వెదకినవాడికే తెలుస్తుంది. ఎరుపో తెలుపో పసుపో ఒక కట్టు ఉంటే దూరం నుండే అగుపిస్తుంది. మూడవది తొందరలో తప్పు జరగకుండా చూడడం. మూడు గరులు కట్టిన బాణంలో ఒక గరి, నారి పట్టే గాటుకు అడ్డంగా నిలుస్తుంది. దానిని వేరే రంగులో కడితే చూచీ చూడకుండానే బాణాన్ని సరియైన వైపు తిప్పి తొడగవచ్చును. లేకపోతే ఈక వింటికి రాచుకొని బాణం పక్కకు పోతుంది. నాలుగవది అన్నిటికన్న ముఖ్యమైనది. ఇది ఎవరి బాణం అన్న ప్రశ్నకు సమాధానం.

ఈ నాలుగవ పనికి మన ఇతిహాసాలలో గొప్ప సాక్ష్యం ఉన్నది. విరాటపర్వంలో జమ్మిచెట్టు మీద పాండవులు దాచిన ఆయుధాలను ఉత్తరుడు దించి విప్పుతాడు. కళ్లు మిరుమిట్లు గొలిపే ఆ విండ్లనూ, బాణాలనూ, ఖడ్గాలనూ చూచి ఒక్కొక్కటి ఎవరిదని అడుగుతాడు. వ్యాసభారతంలో ఆ ప్రశ్నలన్నీ అలంకారాల వర్ణనలే. బంగారు ఏనుగులు పొదిగిన విల్లు ఎవరిది? బంగారు ఇంద్రగోపాలు, అంటే మనం తొలకరిలో చూచే ఆరుద్ర పురుగులు, పొదిగినది ఎవరిది? సూర్యబింబాలున్నది ఎవరిది? మిడుతలున్నది ఎవరిది? బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు భీమునిదనీ, ధర్మరాజుదనీ, నకులునిదనీ, సహదేవునిదనీ వరుసగా చెబుతాడు. బాణాల రంగులనూ, ఈకలనూ, పొదుల గుర్తులనూ బట్టి కూడా ఇలాగే యజమానులు తెలుస్తారు. మనుషులు మారువేషాలలో ఉన్నారు, ఆయుధాలు మాత్రం తమ పేర్లు దాచుకోలేదు. తిక్కన గారి విరాటపర్వం పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు నేను ముఖ్యంగా చూపేది ఇదే. ఆ వర్ణనలు కవి ఆడంబరం కోసం చేసినవి కావు. కథ నడవడానికి అవి కావాలి. 

సుందరకాండలో సీతాదేవి రావణుని హెచ్చరిస్తూ, రామలక్ష్మణుల గుర్తులున్న బాణాలు త్వరలో లంక మీద పడతాయని అంటుంది. ఆ మాటలో భయం కలిగించేది బాణాల సంఖ్య కాదు, వాటి మీది గుర్తు. ఎవరు కొట్టారో తెలిసేటట్లు కొడతారు, చాటు నుండి కాదు అన్న ధైర్యం అందులో ఉన్నది. గుర్తు ఉన్న బాణం దొంగదెబ్బ తీయలేదు. తగిలినా, గురి తప్పినా అది ఫలానావారిదే.

ఇది మన దేశానికే పరిమితమైన ఆలోచన కాదు. డెన్మార్కులో నీడమ్ అనే బురదనేలలో బయటపడిన, పదిహేడు వందల ఏళ్లనాటి బాణాల మీద కూడా చెక్కిన గుర్తులున్నాయి. 1545లో మునిగి 1982లో వెలికితీయబడిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో వేలకొద్దీ బాణాలు దొరికాయి. వాటి ఈకలను అంటించిన జిగురులో రాగి కిలుము కలిపినట్లు పరిశోధకులు గుర్తించారు. ఆకుపచ్చగా కనిపించే ఆ పూత చూడముచ్చటకు వేసినది కాదు. ఈకలను పురుగు కొట్టకుండా వేసినది. రక్షణ కోసం వేసిన పూతే రంగుగా కనబడుతున్నది. అలం అన్న మాటకు ఇంతకన్న మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

ఈ కాలపు పోటీలలోనూ ఈ నియమం చెక్కుచెదరలేదు. ప్రపంచ విలువిద్య సమాఖ్య నిబంధనల ప్రకారం ప్రతి క్రీడాకారుడు తన బాణాల మీద తన పేరో, పేరులోని పొడి అక్షరాలో వ్రాసుకోవాలి. ఒక విడతలో వాడే బాణాలన్నీ ఒకే తీరుగా, ఒకే రంగు గరులతో, ఒకే రకం కట్లతో ఉండాలి. కోల మందం 9.3 మిల్లీమీటర్లు మించరాదు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు దేశమంతా సంతోషించింది. ఆ స్థాయి పోటీలలో వాడేవి కార్బన్ బాణాలు. వాటిని యంత్రాలు తయారుచేస్తాయి, ఈకల స్థానంలో ప్లాస్టిక్ రేకులుంటాయి. అయినా పేరు మాత్రం విలుకాడిదే ఉండాలి. విరాటపర్వం నాటి ప్రశ్న, "ఇది ఎవరిది?" అన్నది, ఇంత సాంకేతికత వచ్చిన తరువాత కూడా మిగిలే ఉన్నది.

ఇక మా ప్రాంతానికి వస్తాను. నంద్యాల నుండి ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుండి తూర్పుకు తిరిగితే నల్లమల కొండలలో అహోబిలం. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడిన తరువాత ఇవన్నీ ఆ జిల్లాలోకి వచ్చాయి. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడిన కథ ఇక్కడిది. ఎఱ్ఱన గారి నృసింహపురాణం అహోబిల మాహాత్మ్యాన్ని చెప్పిన కావ్యం. చెంచులు స్వామిని తమ ఇంటి అల్లుడుగా భావిస్తారు. ప్రతి సంవత్సరం కనుమనాడు ఇక్కడ పారువేట ఉత్సవం మొదలవుతుంది. దిగువ అహోబిలపు ప్రహ్లాదవరదుడు, ఎగువ అహోబిలపు జ్వాలానరసింహుడు పల్లకిలో బయలుదేరి నలభై రోజులకు పైగా ముప్పయికి మించిన పల్లెలలో తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన బ్రహ్మోత్సవాలకు తానే వచ్చి జనాన్ని పిలిచే దేవుడు ఇంకెక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఆ ప్రయాణపు ఆరంభంలో చెంచులు పల్లకి వైపు రెండు బాణాలు వేస్తారు. అది దాడి కాదు, గౌరవం. అల్లునికి అత్తవారింటివారి మర్యాద.

ఆ రెండు బాణాలనే నేను మన నేల మీద అన్నిటికన్న విలువైన బాణాలుగా ఎంచుతాను. వాటి విలువ వాటి మీద ఉన్న రంగులో లేదు, వేసే చేతిలో ఉన్నది.

ఆళ్లగడ్డ వైపు ఒక పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు నా తరగతిలో ఒక చెంచు పిల్లవాడు ఉండేవాడు. పాఠశాల వార్షికోత్సవంలో ఏకలవ్యుని నాటిక వేయిస్తూ, ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా విల్లంబులుంటే తెమ్మన్నాను. మూడు నాలుగు ఇండ్ల నుండి పది బాణాల దాకా వచ్చి ఒక మూల కుప్పగా చేరాయి. నా కంటికి అన్నీ ఒకటే. ఆ పిల్లవాడు మాత్రం వచ్చీ రాగానే కుప్పలో నుండి ఒకటి లాగి, "ఇది మా నాయనది సార్" అన్నాడు. ఎట్లా గుర్తుపట్టినావురా అంటే, "దారం చుట్టిండేది సూడండి సార్, మా నాయన ఎడమ చేత్తో సుడతాడు" అన్నాడు. ఈక కింది చుట్లు నిజంగానే మిగిలినవాటికి ఎదురు దిశలో ఉన్నాయి. రంగు లేదు, పేరు లేదు, చెక్కడం లేదు. అయినా ఆ కోల మీద సంతకం ఉన్నది, చదవగల కొడుకూ ఉన్నాడు. అటువంటి అక్షరాస్యతకు మన విద్యాశాఖలో లెక్క లేదు.

ఇప్పుడు అసలు వివాదం దగ్గరకు వస్తున్నాను. అహోబిలానికి యాత్రికులు పెరిగారు. నలుగురు పెద్దమనుషులు చేరిన చోట ఒక సూచన తరచు వింటుంటాను. చెంచుల విల్లంబులకు బంగారు రంగు పూసి, నెమలి ఈకలు తగిలించి, జిగేలు కాగితం చుట్టి యాత్రికులకు అమ్మితే వారికి నాలుగు రూపాయలు వస్తాయి కదా అని. చెప్పేవారి మనసు మంచిదే. చెంచులు ప్రభుత్వ లెక్కలలో ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాలలో ఒకరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేటకు తావు లేదు. 1983 నుండి నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పులుల సంరక్షణ పథకంలో ఉన్నది. విల్లు అన్నం పెట్టే పరిస్థితి పోయింది. మరొక విధంగా అన్నం పెడితే మంచిదే కదా అన్న వాదనను నేను తోసిపుచ్చలేను.

తెలుగులో "అమ్ము" అన్నది నామవాచకమైతే బాణం, క్రియ అయితే విక్రయించు. ఈ రెండు మాటలూ పక్కపక్కన నిలిచిన చోటనే మన ప్రశ్న ఉన్నది. అమ్మును అమ్మరాదని నేను అనడం లేదు. చేసినవాడు చేసినదానిని అమ్ముకోవడం న్యాయం. నా అభ్యంతరం రంగు మీద. ఆ బంగారు రంగు ఎవరు నిర్ణయించారు? చెంచువాడు తన కోలకు తాను వేసుకొన్నదా, లేక చెంచు బాణమంటే ఇలా ఉండాలని పట్నంవాడు ఊహించుకొన్నదా? 1943లోనూ 1958లోనూ వచ్చిన చెంచులక్ష్మి చలనచిత్రాలను, పండుగ బొమ్మలను, పాఠశాల నాటికలను చూచి చూచి మనకు ఒక చెంచు వేషం అలవాటైపోయింది. తలకు ఈకలు, నడుముకు ఆకులు, చేతిలో మెరిసే విల్లు. రంగస్థలం మీద దానిని తప్పు పట్టను, అది నటుని వేషమని అందరికీ తెలుసు. నిజమైన మనిషి చేతికి అదే వేషాన్ని ఇచ్చి, నీ బాణం ఇది కాదు, ఇదిగో నీ బాణం అంటే మాత్రం అది అతని సంతకాన్ని మనం ఫోర్జరీ చేసినట్లే.

ఈ ఆలోచనకు నాకు బలమిచ్చినది ఆళ్లగడ్డ శిల్పులే. ఆ ఊరిలో రాతి శిల్పాల పని తరతరాలుగా సాగుతున్నది. ఊరి పేరుతోనే ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఉలి చప్పుడు వింటూ ఒక పూట అక్కడ నిలబడినవారికి ఒక సంగతి తెలుస్తుంది. విగ్రహానికి ముందు కొలత, తరువాత ఆకారం, ఆ తరువాతనే ఆభరణం. తాళమానం తప్పిన విగ్రహానికి ఎన్ని హారాలు చెక్కినా అది దేవుడు కాదు. కన్నులు తెరవడం అన్నిటికన్న చివర. బాణమూ అంతే. ముందు కోల తిన్నగా ఉండాలి, తరువాత బరువు తూగాలి, తరువాత గరి కుదరాలి, చివరకు రంగు. ధనుర్వేద గ్రంథాలలో ఈ క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. ముందు లావుగా ఉండే కోల స్త్రీ, వెనుక లావుగా ఉండేది పురుషుడు, అంతటా సమంగా ఉండేది నపుంసకం అని మూడు విధాలు చెప్పి, గురి సాధనకు మూడవదే తగినదన్నారు. ఒక్కొక్క బాణానికి నాలుగు ఈకలు, ఆరేసి అంగుళాల పొడవున కట్టాలన్నారు. ఇక్కడ అంగుళమంటే వ్రేలి వెడల్పు. కాకి, హంస, నెమలి, గృధ్రం మొదలైన పక్షుల పేర్లు చెప్పారు. మెరుపు గురించి చెప్పే ముందు ఇంత పని చెప్పారు. బంగారు పూత వేసిన వంకర కోల ఏ శాస్త్రానికీ బాణం కాదు.

తమ బాణాలకు తామే వన్నె పెట్టుకోదలచిన ఉత్సాహవంతుల కోసం మా వసారాలో మేము పాటించే నాలుగు నియమాలు చెబుతాను.

నంద్యాలలో వెదురు మేదరివారి దగ్గర దొరుకుతుంది. సన్నని బద్దలను సమంగా చెక్కించి, నిప్పు సెగ మీద కాస్త వెచ్చచేసి వంకర తీయాలి. గరుకు కాగితంతో నునుపు చేసిన తరువాత పలుచని వార్నీషు ఒక పూత. అది బాగా ఆరిన తరువాతనే రంగు. కట్లు ఎప్పుడూ పింజకు కొంచెం ముందు వేయాలి. వింటి మీద జారే భాగంలో మందంగా రంగు వేస్తే అది రాచుకొంటుంది, లేచిపోతుంది. కోలను రెండు మేకుల గాట్ల మీద అడ్డంగా పెట్టి ఎడమ చేతితో నెమ్మదిగా తిప్పుతూ కుడి చేతిలోని కుంచెను కదలకుండా పట్టుకోవాలి. కుంచె తిరగరాదు, కోల తిరగాలి. ఇది తెలిసిన రోజున మా మనవడి కట్లు నా కట్ల కన్న తిన్నగా వచ్చాయి.

రంగు బరువు చిన్నదే గాని లేనిది కాదు. ఒక జట్టులోని బాణాలన్నిటికీ అవే కట్లు, అంతే మందం. ఒకదానికి మూడు పూతలూ మరొకదానికి ఒకటీ వేస్తే అవి రెండూ ఒక చోట పడవు. గరులు అన్నీ పక్షి ఒకే వైపు రెక్కవి కావాలి. కుడి రెక్క ఈకనూ ఎడమ రెక్క ఈకనూ కలిపితే వాటి వంపులు ఒకదానికొకటి ఎదురై బాణం తిన్నగా తిరుగుతూ పోదు. నెమలి మన జాతీయ పక్షి, చట్టం రక్షించే పక్షి. దాని జోలికి పోవద్దు. ఇతిహాసాలలో గ్రద్ద ఈకల బాణాలు, రాబందు ఈకల బాణాలు విరివిగా కనబడతాయి. ఆ రాబందులు పశువులకిచ్చే డైక్లోఫినాక్ మందు వలన మన కళ్ల ముందే కరువైపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించినా అవి తిరిగి పుంజుకోవడం అంత సులభంగా లేదు. కాబట్టి కోడి ఈక, బాతు ఈక, టర్కీ కోడి ఈక చాలు. గృధ్రపక్షం అన్న మాటను కావ్యంలో చదువుకొందాం, పక్షిని ఆకాశంలో ఉండనిద్దాం.

రంగుల విషయంలో మనకు పొరుగునే గురువులున్నారు. ఏటికొప్పాక బొమ్మలవారు అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్ర మీద కట్టుగా పరుచుకొంటుంది. చెట్ల నుండి, గింజల నుండి తీసిన రంగులు వారివి. 2017లో వారికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరిగే కర్ర మీద రంగు కట్టు వేయడమన్న విద్య మనకు పరాయిది కాదని చెప్పడానికే దీనిని ప్రస్తావించాను. కావి, పసుపు, మసి, లక్క. ఈ నాలుగింటితోనే ఎవరి కట్టు వారు పోల్చుకోదగినన్ని కట్లు వేసుకోవచ్చును.

నా వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చును. పిల్లల చేతికి ఆయుధమిస్తారా అన్నది మొదటిది. నిజమే, బాణం బొమ్మ కాదు. కనుకనే దాని మీద పేరుండాలంటున్నాను. తన గుర్తు వేసుకొన్న కోలను పిల్లవాడు ఎటు పడితే అటు వేయడు. మైదానంలో పెద్దలు దగ్గరుండి, అందరూ గీత వెనుక నిలిచిన తరువాతనే వింటికి చేయి వేయాలన్న నియమం నేర్పడానికి కూడా ఇదే అదను. రెండవ ఆక్షేపణ, కొన్న బాణం మీద పేరు అంటించుకొంటే సరిపోదా అన్నది. పోటీకి సరిపోతుంది. నేర్చుకోవడానికి సరిపోదు. తన కోల వంకరను తానే తీసి, తన గరిని తానే కట్టి, తన కట్టును తానే వేసుకొన్నవాడు గురి తప్పినప్పుడు గాలిని తిట్టడు. కోలను చేతిలోకి తీసుకొని చూస్తాడు. చదువు అంటే నాకు తెలిసినంతలో అదే.

చివరగా నా ప్రతిపాదన. జమ్మిచెట్టు దగ్గర ఆయుధపూజ చేసే దసరా నాటికి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పాఠశాలలలో ప్రతి విద్యార్థీ ఒక బాణమైనా తన చేత చేసి, తన గుర్తు వేసుకోవాలి. అది నేర్పడానికి కొండ దిగి రాగల చెంచు పెద్దలను పిలవాలి. వేషం వేయించి ఊరేగించడానికి కాదు, అయ్యవార్లుగా కూర్చోబెట్టడానికి. మాకు ఇచ్చినట్లే వారికీ గౌరవవేతనం ఇవ్వాలి. యాత్రికులకు బాణాలు అమ్మదలిస్తే వారు చేసుకొన్నట్టే, వారి కట్టుతోనే అమ్మాలి. పక్కన ఒక చిన్న చీటీ మీద చేసిన మనిషి పేరు తెలుగులో ఉండాలి. భౌగోళిక గుర్తింపు ఊరికి పేరు తెస్తుంది, మంచిదే. చేతికి కూడా ఒక పేరున్నదని మరువరాదు. బంగారు పూత లేకుంటే కొనరేమో అంటారా? కొనేవాడికి ఆ చుట్లను చదవడం నేర్పుదాం. తెలుగు నేర్పినవాళ్లం, ఈ లిపి నేర్పలేమా?

ఈ పుటలు చదివే మిత్రులలో భాష మీద మమకారం లేనివారు లేరు. కనుక ఒక విన్నపం. బాణంలో నారి పట్టే ఆ చిన్న గాటును మీ మీ ప్రాంతాలలో ఏమంటారు? ఈకలు కట్టే దారానికి, కోల వంకర తీసే పనికి మీ పెద్దలు వాడిన మాటలేవి? శ్రీకాకుళం కొండల వైపు వారు, ఆదిలాబాదు వైపు వారు, ఖమ్మం, భద్రాచలం వైపు వారు మీ ఇండ్లలోనో పొరుగిండ్లలోనో అడిగి వ్రాయండి. అడిగినప్పుడు చెప్పినవారి పేరు కూడా, వారు సమ్మతిస్తే, చేర్చి వ్రాయండి. మాట ఎవరిదో తెలియాలి కదా.

స్వస్తి.